మేస్త్రీ రాయని ముక్క

జగ్గయ్యపేట,
మార్చి 3, 2025

కృపమ్మకి,

మీ పెదనాన్న స్తెఫను రాసేది. బాగున్నావా అని అడగను. బాగుంటేనే ఉత్తరం రాస్తావు, బాగోకపోతే నీకు నేను గుర్తురాను. నా సంగతంటావా, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ కదులుతున్నాయి. చెవులు మామూలే. నలభై ఏళ్ళు బావుల్లో రాయి పగలడానికి తూటాలు పేల్చిన చెవులు. ఫోను ఆనించుకుంటే లోపల దోమ తిరిగినట్టుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ మాటైతే పెదాలు చూసి పట్టుకుంటా. నువ్వు ఉత్తరం రాయడమే మంచి పని.

మీ బళ్ళో బోర్డు మీద రోజుకో మాట, దాని పుట్టుక రాయమని మీ హెడ్మాస్టరు పార్థసారథిగారు నీ నెత్తిన పెట్టాడని, పాత మాటలేమన్నా ఉంటే పంపమని అడిగావు. ఎమ్మే తెలుగు చదివిన దానివి. రెండో తరగతిలో పలక పగలగొట్టి బయటికొచ్చినవాణ్ణి మాటలడుగుతావా? గొయ్యి తవ్వితే నీళ్ళొస్తాయి. మాటని తవ్వితే ఏమొస్తుందే?

అయినా అడిగావు కాబట్టి ఒకటి. మొన్న మా కోడలు గీతాంజలి నా ఎదురుగా నిలబడి, "మామయ్యా, బియ్యం అయిపోయినయ్యి" అంది. ఆ మాట అనకూడదే, నిండుకున్నాయి అనాలి అని చెప్పా. అది నడుం మీద చెయ్యేసుకుని, "నిండుకుంటే మళ్ళీ కొనడమెందుకు?" అంది. అనాలంటే అనాలంతే అన్నా. మా అమ్మ అలాగే అనేది. డబ్బా అడుగు కనబడుతుంటే నిండుకుందనేది. లేదు అనే మాట ఇంట్లో తిరిగితే లేమి కూడా దాని వెంట వస్తుందని వాళ్ళ భయం.

నాకలాంటి భయాలు లేవు. చచ్చినవాణ్ణి చచ్చాడనే అంటా. ప్రభువులో నిద్రించాడని అనను. ఉన్నదున్నట్టు అనేవాణ్ణి కాబట్టే ఈ పేటలో నాకు నలుగురు కూడా స్నేహితులు లేరు. పోయిందేం లేదు.

మీ ఆయన రత్నబాబు కరెంటు పని బాగుందా? మీ అమ్మ ఆదెమ్మని అడిగానని చెప్పు. చెప్పకపోయినా సరే.

రాయి కొట్టిన చేత్తో,
స్తెఫను మేస్త్రీ

~

నందిగామ,
మార్చి 9

పెదనాన్నా, వందనాలు.

మీ ఉత్తరం బళ్ళోనే చదువుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గీతాంజలి వదిన అడిగిన ప్రశ్నే మా తొమ్మిదో తరగతి పిల్లలూ అడిగారు. బోర్డు మీద "నిండుకున్నాయి" అని రాసి, దీనర్థం ఏమిటంటే అందరూ నిండా ఉన్నాయనే అన్నారు. ఒక్క అమ్మాయి మాత్రం, "మా నాయనమ్మ అలా అన్నదంటే సంచి తీసుకుని షాపుకి పోవాలండి" అంది.

మర్నాడు "ఊరగాయ" రాశాను. ఊళ్ళో పెట్టే కాయ కాబట్టి ఊరగాయ అన్నారు సగం మంది. ఉప్పులో ఊరే కాయ అంటే నమ్మలేదు. నోరూరడం, నీరూరడం, ఊట, అన్నీ ఒక్క ఇంటివేనని చెప్పాను. ఊట సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

మీకు కోపం రాకపోతే ఇంకోటి చెప్తాను. మీరు పేరు పక్కన అంత గర్వంగా పెట్టుకునే "మేస్త్రీ" తెలుగు మాట కాదు. ఓడల్లో వచ్చిన పోర్చుగీసువాళ్ళది. మన "పాదిరి" కూడా వాళ్ళ మాటే. వాళ్ళ భాషలో మేస్త్రీ అంటే పని వచ్చినవాడు, నేర్పేవాడు అని.

ఇప్పుడు బోర్డు కోసం కాదు, నా కోసం ఒకటి అడుగుతాను. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అనకుండా వెళ్ళొస్తా అంటాం కదా. సాగనంపేవాళ్ళు వెళ్ళిరా అంటారు. మా అమ్మ మాత్రం ఏదీ అనదు. నేను బడికి వెళ్తున్నా, ఆయన పనికి వెళ్తున్నా, మొహం గోడ వైపు తిప్పుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చిన్నప్పుడు నా మీద కోపమేమో అనుకునేదాన్ని. ఎప్పుడడిగినా "నా నోరు మంచిది కాదు" అంటుంది. నాన్న పోయినప్పటి నుంచే ఇలాగని అందరూ అంటారు. నేను కడుపులో ఉండగా నాన్న మీతో కలిసి వీరులపాడు పొలంలో బావి తవ్వుతుంటే లోపలే గుండె ఆగిపోయిందని తప్ప నాకేమీ తెలియదు. గుండె ఆగడానికీ అమ్మ నోటికీ ఏమిటి సంబంధం? ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మీరొక్కరే కదా.

మోకాళ్ళకి ఆముదం రాయించుకోండి. వదినని విసుక్కోకండి.

మీ
కృపాజ్యోతి

~

జగ్గయ్యపేట,
మార్చి 16

కృపమ్మకి,

మేస్త్రీ పోర్చుగీసు మాటా? ఆ ఓడలవాళ్ళు జగ్గయ్యపేట వచ్చి నల్లరాయి పగలగొట్టారా? ముక్త్యాల నుంచి కీసర దాకా ఎన్ని బావులున్నాయో నాతో లెక్కపెట్టారా? ఆ మాట ఎక్కడ పుడితే నాకేం. మోసింది నేను. నా పేరు పక్కన అది ఉంటుంది. నువ్వు బోర్డు మీద ఏం రాసుకుంటావో రాసుకో.

అయితే పని వచ్చినవాడని దానర్థమని రాశావు. అది బాగుంది.

నీకు మా పని మాటలు ఇస్తా. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. బావి లోపలికి మనిషి దిగాక పైనున్నవాళ్ళు కొన్ని మాటలు నోట రానీకూడదు. తెగింది అనకూడదు. తాడు తెగినా పెరిగింది అనాలి, గాజు పగిలితే ఆడవాళ్ళు పెరిగింది అంటారు చూడు, అలా. పాముని పురుగు అనాలి. అన్నిటికంటే పెద్దది ఒకటుంది. లోపలున్నవాణ్ణి "బాగున్నావా, బతికున్నావా" అని అడగకూడదు. "తిన్నావా" అని అడగాలి. లోపలివాడు "తిన్నా" అనాలి. ఏడు నిలువుల లోతులో, అంటే ఏడుగురు మనుషుల ఎత్తు కింద, చీకట్లో రాయి కొట్టేవాడు ఏం తింటాడు? ఏమీ తినడు. పైనున్నవాడు కాసేపటికోసారి తిన్నావా అని అరవడం, కింది నుంచి తిన్నా అని రావడం. ఆ మాట వచ్చిందంటే మనిషున్నాడని. కొత్తగా ముఠాలో చేరినవాణ్ణి ఇలా అడిగితే, "లేదు మేస్త్రీ, ఇంకా క్యారేజీ విప్పలేదు" అనేవాడు. నాలుగు రోజులు నవ్వుకునేవాళ్ళం.

దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. అది నీకు తెలిసిందే. మా పనిలో దీపం

ఇక్కడ రెండు ముక్కలు రాసి కొట్టేశా. పెన్సిలు గట్టిగా నొక్కితే కాగితం చిరిగింది. అవి బోర్డుకి పనికొచ్చేవి కావు.

మీ అమ్మ సంగతి అడిగావు. ఆడవాళ్ళకి సవాలక్ష పట్టింపులుంటాయి. ముప్పై తొమ్మిదేళ్ళ నాటి పుండు. పొక్కు కట్టిందాన్ని గోకితే ఏమొస్తుంది? వదిలెయ్యి.

ఎండలు ముందే ముదిరాయి. మా వీధి కుళాయి రెండు రోజులకోసారి వస్తోంది.

స్తెఫను మేస్త్రీ
(పోర్చుగీసు)

~

నందిగామ,
మార్చి 30

పెదనాన్నా, వందనాలు.

"తిన్నావా" పిల్లలకి ఎంత నచ్చిందో చెప్పలేను. ఇప్పుడు బళ్ళో ఎవరు మరుగుదొడ్డిలోకి వెళ్ళినా బయటి నుంచి తిన్నావా అని అరుస్తున్నారు. పార్థసారథిగారు నన్ను పిలిచి, "ఏంటమ్మా ఈ గోల, బోర్డు మీద ఇంకేదైనా మంచి మాట రాయండి" అన్నారు.

మీరు కొట్టేసిన ముక్కల్ని వెలుతురుకి పెట్టి చూశాను. ఒక్క "దించ" అన్నదే ఆనింది. దించడమా, దించకపోవడమా? ఏమిటది?

అసలు సంగతికి వస్తాను. పొలంలో రెండోసారి బోరు వేయించాం. మూడు వందల అడుగులు పోయినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మిరప వేద్దామని ఆశపడ్డ ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఆయనకే ఆలోచన వచ్చింది. అదే పొలంలో నాన్న తవ్విన బావి ఉంది కదా. నీళ్ళు పడబోతుండగా ఆగిపోయిందని అందరూ అంటారు. మీరే దాని మీద నాపరాళ్ళు పరిపించి మూయించారట. ఈ లెంటు ఉపవాసాల రోజులు గడిచి ఈస్టరు అయ్యాక ఆ బండలు తీయించి, ముందు తనే దిగి పూడిక ఎంతుందో చూసి వస్తానంటున్నారు. పొరుగు రైతు బ్రహ్మయ్యగారు, వాళ్ళ తమ్ముడు కిషోర్‌బాబు పైన తాడు పట్టుకుంటారు. "స్తంభాలెక్కే వాడికి బావి దిగడం ఒక లెక్కా? అది పైకి, ఇది కిందికి, అంతేగా" అంటున్నారు.

నాకు మనసులో ఎందుకో బాగోలేదు. నాన్న పోయిన చోటు. అది భయమని ఆయన, కాదని నేను. ఆ బావి మేస్త్రీ మీరు. ఎంత లోతు, ఊట ఏ పక్క నుంచి, దిగేముందు ఏం చూసుకోవాలి, అన్నీ వివరంగా రాయండి. మీరు రాసినట్టే చేస్తాం.

మీ
కృపాజ్యోతి

~

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 4

కృపకి,

ఆ బావి జోలికి పోవద్దు. ఎందుకని అడగొద్దు. అందులో నీళ్ళు ఉప్పన. ఊట లేదు. రాయి మంచిది కాదు, పెళ్ళలు ఊడతాయి.

పొలం మీ నాన్నదైతే కావచ్చు. బావి తవ్వింది నేను, మూసింది నేను. నా మాట లేకుండా ఆ బండ ఒక్కటి కదలడానికి వీల్లేదని మీ ఆయనకి చెప్పు.

స్తెఫను మేస్త్రీ

~

నందిగామ,
ఏప్రిల్ 12

పెదనాన్నా,

మీ ఉత్తరం ఆయన కూడా చదివారు. చదవనివ్వకుండా ఉండాల్సింది. "నా మాట లేకుండా బండ కదలడానికి వీల్లేదు" అన్న దగ్గర ఆగి, "ఇదీ సంగతి. బావిలో నీళ్ళున్నాయని ఆయనకి తెలుసు. మనం తీస్తే ఎకరన్నర మాగాణిలా పండుతుంది, అప్పుడు తమ్ముడి పొలంలో వాటా అడగడానికి ఇప్పుడే రాయి వేస్తున్నాడు" అన్నారు. నేను కాదన్నాను. కాదని ఎలా చెప్పను? మీ ఉత్తరమే మీకు ఎదురు సాక్షి. నీళ్ళు ఉప్పన అన్నారు. పక్క మాటలోనే ఊట లేదన్నారు. ఊట లేని బావిలో ఉప్పునీళ్ళు ఎక్కడివి పెదనాన్నా? పిల్లల కాగితాలు దిద్దేదాన్ని, నాకు కనబడదా? ఉన్నదున్నట్టు అనేవాణ్ణని మీరే రాశారు.

ఏప్రిల్ 28, సోమవారం పొద్దున అని అనుకున్నారు. మనుషుల్ని మాట్లాడారు. తాడు, గిలక తెచ్చి ఇంట్లో పెట్టారు.

అమ్మకి చెప్పాం. వద్దనలేదు, సరేననలేదు. చేట పక్కన పెట్టి, "దిగేవాడితో పొద్దున్నే ఎవరూ ఏమీ అనకుండా ఉంటే చాలు" అంది. మీ నాన్నని నేనన్నట్టు అనొద్దు అంది. ఏమన్నావమ్మా అంటే లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాత్రం చెప్పడమే మొదటిసారి.

మీకు తెలిసింది ఏదో ఉంది. వాటా కోసమే అయితే అదైనా రాయండి, బాధపడను. ఏమీ రాయకపోతేనే బాధ.

కృపాజ్యోతి

~

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 17

కృపాజ్యోతికి,

వాటా! డెబ్బై అయిదేళ్ళొచ్చినవాణ్ణి, ఒకళ్ళ మెతుకు ఆశించనివాణ్ణి, నిన్న మొన్న మీ గడపలో కాలుపెట్టిన కరెంటువాడు నన్ను వాటాకోరు అంటాడా? ఆ మాట వాడన్నాడు సరే, నువ్వు కాగితం మీద పెట్టి, స్టాంపు అంటించి నాకు పంపావు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ముందు ఎత్తుకుంది నేను. నీ బాప్తిస్మానికి కొత్త గౌను కుట్టించింది నేను. పంతులమ్మవి, నా వాక్యాలు దిద్దుతావా?

రేపు మంచి శుక్రవారం. ఈ పూటకి ఇంతకంటే అంటే పాపం.

దిగేవాళ్ళు దిగండి. తీసేవాళ్ళు తీయండి. నన్ను అడగొద్దు. పోతే పోండి.

స్తెఫను

~

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 27, ఆదివారం

అమ్మా కృపా,

ఇంట్లో అందరూ చర్చికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. మొన్న నేను రాసిన ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. దాని చివర ఏం రాశానో పోస్టు చేసిన మూడో రోజు గుర్తొచ్చింది. అప్పటి నుంచి రోజూ ఇది రాయాలని కూర్చుంటున్నా, లేస్తున్నా.

పొద్దున సతీష్‌బాబుని పిలిచి మీ ఆయనకి ఫోను చేయించా. మా వీధిలో ఉంటాడు, రోజూ పొద్దున్నే పాల వ్యాను నందిగామ తోలతాడు. బావిలోకి దిగొద్దని చెప్పమన్నా. మీ ఆయన ఏమన్నాడో సతీష్‌బాబు నాకు సరిగా చెప్పలేదు. మొహం చూస్తే తెలిసింది. ఎందుకు దిగొద్దో చెప్పకుండా దిగొద్దంటే ఎవరు వింటారు? ఎందుకో నేను సతీష్‌బాబుకి చెప్పలేను. అందుకని ఇది రాస్తున్నా. రేపు పొద్దున వ్యానులో తెస్తాడు. ఎవరి చేతికిచ్చినా సరే, మనిషి బావిలో కాలు పెట్టకముందే చదవాలని చెప్పి పంపుతున్నా.

ముందు పని సంగతి. మూసిపెట్టిన బావిలో గాలి చచ్చి ఉంటుంది. దానికి రంగుండదు, వాసనుండదు. దిగినవాడికి అరుద్దామన్నా నోరు పెగలదు. లాగడానికి దిగినవాడూ పోతాడు. లాంతరు వెలిగించి తాడుకి కట్టి అడుగు దాకా దించండి. మధ్యలో ఆరిందా, మనిషి దిగకూడదు. వెలిగినా దిగొద్దు. గాలి పంపే మిషను తెప్పించండి. అది తెలిసినవాళ్ళని పిలవండి. లేదంటే మళ్ళీ బండలు వేసెయ్యండి.

చూశావా, ఎంతుంది? నాలుగు లైన్లు. ఇది మార్చి నెలలోనే రాసి ఉండొచ్చు. నువ్వు అడగకముందే రాయబోయా. దీపం దించాలి అని రాసి కొట్టేశా. నువ్వు వెలుతురుకి పెట్టి చూసింది అదే. దీపం దించండి అని రాస్తే, మరి ఆ రోజు మీరు దించారా అని నువ్వు అడుగుతావు. నువ్వు అడుగుతావని నాకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి నీళ్ళు ఉప్పన అని రాశా. మీ ఆయన ప్రాణం పోతే పోయింది గాని నన్ను ఆ మాట అడగకూడదు అనుకున్నట్టేగా ఇది?

దించలేదమ్మా.

1986 వేసవి. మన పొలంలో ఏడు నిలువులు దిగాం. పక్క పొలంలో వేరే ముఠా తవ్వుతోంది. వాళ్ళకి ముందురోజు నీళ్ళు తగిలాయి. వాళ్ళ మేస్త్రీ గట్టు మీదకొచ్చి, "ఏం స్తెఫనూ, మీది బావా, సమాధా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు మండింది. మధ్యాహ్నం తూటాలు పేల్చాం. పేల్చిన బావిలోకి మర్నాటి దాకా మనిషిని దించకూడదు. దించేముందు దీపం దించి చూడాలి. ఈ రెండూ ముఠాకి నేర్పింది నేనే. ఆ రోజు పైకి పొగ కనబడటం ఆగింది. నీళ్ళు తగిలాయేమో చూసి వాళ్ళ మొహాన కొట్టాలని నా తొందర. మీ నాన్న యాకోబు తాడు నడుముకి కట్టుకుంటూ, "అన్నా, లాంతరు దించుదామా?" అన్నాడు. పక్క ముఠావాళ్ళు చూస్తున్నారు. "మేస్త్రీవి నువ్వా, నేనా? దిగు" అన్నా.

దిగాడు. నాలుగు నిలువులు దిగాక తిన్నావా అన్నా. తిన్నా అన్నాడు. తర్వాత మళ్ళీ అడిగా. మళ్ళీ అడిగా. నా గొంతు బావిలో తిరిగి నాకే వచ్చింది.

పైకి లాగాం. ఒంటి మీద గీత లేదు. ఎవరో గుండె ఆగిందన్నారు. నేను ఊ అన్నా.

మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది. నోటి మీద కొట్టుకుంటూ, "గంజి తాగకుండా పోతున్నాడని కోపమొచ్చి పోతే పో అన్నానయ్యా పొద్దున, పోతే పో అన్నా" అని పడిపోయింది. అందరూ నా వైపు చూశారు. పెద్దవాణ్ణి, మేస్త్రీని, చచ్చినవాడి అన్నని. అప్పుడు నేను చెప్పి ఉండాల్సింది. నేను ఏమన్నానో తెలుసా? "ఆ మాటే తగిలింది వాడికి" అన్నా. నలుగురి ముందు అన్నా. నా మీదున్న బండ తీసి కడుపుతో ఉన్న మనిషి మీద పెట్టా. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. అప్పటి నుంచి నోరు మూసుకుంది.

పో అన్న మాటకి ఏ శక్తీ లేదు. ఈ దేశంలో ప్రతి ఇంట్లో రోజూ ఒకళ్ళు ఒకళ్ళని పో అంటారు. సాయంత్రానికి అందరూ ఇంటికొస్తున్నారు. వాణ్ణి చంపింది గాలి. దించింది నేను. మొన్న అదే మాట నీకు రాశా కదా, అది కూడా వట్టి మాటే, వట్టి మాటే కావాలి.

ఇది ఆదెమ్మకి చదివి వినిపించు. వినిపించకుండా దాచొద్దు. దాచడం నాతో ఆగిపోవాలి.

స్తెఫను

~

నందిగామ,
ఏప్రిల్ 29

పెదనాన్నకి,

ముందుగా, ఆయన దిగలేదు. అందరూ బతికే ఉన్నారు. ఇది మీరు ముందు తెలుసుకోవాలని ముందు రాస్తున్నాను.

సోమవారం పొద్దున ఆరింటికే మేమిద్దరం బండి మీద పొలానికి వెళ్ళిపోయాం. బ్రహ్మయ్యగారు, కిషోర్‌బాబు అప్పటికే బండలు పక్కకి దొర్లించారు. లోపల నల్లగా ఉంది. నేను గట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాను. ఆయన బూట్లు విప్పి తాడు కట్టుకుంటున్నారు.

సతీష్‌బాబు ఇంటికి వచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది. ఉత్తరం చేతికిచ్చి, "బావిలో కాలు పెట్టకముందే చదవాలంట పిన్నీ, ముసలాయన దండం పెట్టి మరీ చెప్పాడు" అన్నాడట. అమ్మకి చదువు రాదు కదా. ఫోను చేయించిందట, పొలంలో మాకు సిగ్నల్ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, "బండి తిప్పు, నన్ను వీరులపాడు తీసుకుపో" అని పాల వ్యాను ఎక్కేసింది. ఇక్కడ పొలంలో ఆయన బావి అంచు మీద కూర్చుని ఒక కాలు లోపలికి వేశారు. వెనక నుంచి హారన్ ఆగకుండా మోగుతూ వచ్చింది. అమ్మ కళ్ళంలో నుంచి పరుగెత్తుతూ, "రత్నబాబూ, ఆగు!" అని అరిచింది. అమ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

నేను ఉత్తరం విప్పి లోలోపల చదవబోతే, "పైకి చదువు" అంది. చదివాను. లాంతరు సంగతి రాగానే ఆయన కాలు బయటికి తీసేశారు. ఆ తర్వాతది చదవలేక ఆగాను. "చదువు" అంది. మళ్ళీ ఆగాను. "చదవమంటుంటే" అంది. ఆఖరి దాకా చదివాను. బ్రహ్మయ్యగారు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. సతీష్‌బాబు వ్యాను దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆయన కిషోర్‌బాబుని పంపి లాంతరు తెప్పించారు. దించారు. రెండు నిలువులైనా దిగకముందే ఆరిపోయింది. పైకి తీసి వెలిగించి మళ్ళీ దించారు. మళ్ళీ అంతే. మూడోసారి దించబోతే లాంతరు గట్టుకి కొట్టుకుని అద్దం పగిలింది. ఆయన గట్టు మీద కూర్చుని నీళ్ళడిగారు. మధ్యాహ్నానికి బండలు మళ్ళీ వేయించేశారు. మిరప వద్దు, వానల మీద కంది వేసుకుందాం అన్నారు. మిమ్మల్ని వాటాకోరు అన్నందుకు ఏమనాలో ఆయనకి తెలియడం లేదు. మీతో ఏమనాలో నాకూ తెలియడం లేదు. మీరు ఆయన్ని బతికించారు. మా నాన్నని నేను చూడలేదు. ఈ రెండూ ఒకే కాగితం మీద పట్టడం లేదు.

అమ్మ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఏడవలేదు. అన్నం మామూలుగా తింది. ఈ పొద్దున తనే వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని, "మీ పెదనాన్నకి ఉత్తరం రాయి. నాది ఒక్కటే అడుగు" అంది. తను చెప్పినట్టే రాస్తున్నాను:

"బావా, నీ ఉత్తరం విన్నా. ఆ రోజు నువ్వు తెల్లారేదాకా ఆగి ఉంటే ఆయన బతికేవాడా? అవునా కాదా, అది చాలు. ప్రభువు చిత్తం అని రాయకు. నాకు పెద్దతనం వచ్చింది అని రాయకు. క్షమించమని ఇప్పుడే అడగకు. నేను అడిగిందానికి చెప్పు."

జవాబు వచ్చేదాకా తలుపు దగ్గరే కూర్చుంటానంటోంది. పోస్టులో కాకుండా సతీష్‌బాబుతో పంపండి.

కృపాజ్యోతి

~

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 30

ఆదెమ్మకి,

నిన్నటి నుంచి మూడు కాగితాలు రాసి చింపేశా. మూడింట్లోనూ ఎండ గురించి, పక్క ముఠా గురించి, అప్పటి నా వయసు గురించి ఉంది. నువ్వు అడిగింది అది కాదు.

బతికేవాడు.

స్తెఫను